ఊరెళ్ళిన గొంతు

పొద్దున్నే విజయలక్ష్మి ఇడ్లీ బండి దగ్గర సగం మంది ఇడ్లీల కోసం నిలబడితే, సగం మంది తిట్ల కోసం నిలబడేవాళ్ళు.

"ఏందిరా, చట్నీతో ఇడ్లీ తింటన్నావా, ఇడ్లీ కింద దాచి చట్నీ ఎత్తుకుపోతన్నావా?" అని ఆమె గరిటె ఊపితే, తిట్టు తిన్నవాడు పక్కవాళ్ళ వంక గర్వంగా చూసుకునేవాడు. నరసరావుపేట బస్టాండు వెనక వీధిలో ఆమె చేత తిట్టించుకోవడం ఒక మర్యాద కింద లెక్క.

బండి సర్దేసే వేళకి హర్ష వచ్చేవాడు. ఇరవై నాలుగేళ్ళవాడు. ఆమె పక్క వాటాలో ఉంటాడు, మేనమామ ఎరువుల కొట్లో కూర్చుంటాడు. కూర్చుంటాడని అనడమే గానీ వాడి కాలు ఒకచోట నిలిచేది కాదు. కస్టమరు యూరియా అడుగుతుంటే వాడు ఫోన్లో తన వీడియో ఎంతమంది చూశారో చూసుకుంటూ ఉండేవాడు. పట్టుమని పదిమంది పెరిగితే కొట్టంతా తిరిగేవాడు, పెరగకపోతే వీధంతా తిరిగేవాడు. స్టాండుకి ఫోను బిగించి "అత్తా, ఇయ్యాల నువ్వు అల్లుడికి ఆవకాయన్నం పెట్టే సీను" అంటే చాలు, ఆమె చేతులు తుడుచుకుని వచ్చేది. వాడు కథ చెప్పడం పూర్తికాక ముందే తిట్టడం మొదలుపెట్టేది.

వాళ్ళిద్దరూ 'పల్నాడు నవ్వులు' గ్రూపులో మనుషులు. మాచర్ల నుంచి నాదెండ్ల దాకా నవ్వు వీడియోలు తీసేవాళ్ళంతా అందులో ఉన్నారు. షామియానాలూ మైకుసెట్లూ అద్దెకిచ్చే బెంజిమిన్ దానికి పెద్ద. కట్టుబాట్లన్నీ ఆయనే పెట్టాడంటారు. ఆయన మాత్రం "నేను పెట్టడమేంది? జరిగినవి చూసి చెప్పానంతే" అంటాడు. నిజంగా జారిపడ్డవాణ్ణి చూపించి నవ్వించకూడదు. చచ్చిపోయినట్టు నటించినవాడు సీను అయిపోగానే లేచి మంచినీళ్ళు తాగి, ఒకసారి గట్టిగా నవ్వాలి. మొదటి షాటులో కోడి కనపడితే ఆ వీడియో ఆడదు. ఎందుకో ఎవరికీ తెలియదు, అయినా ఎవరూ కోడిని పెట్టరు. ఇంకొకరి గొంతు వాడుకోవాలంటే అడిగి తీసుకోవాలి, కింద వాళ్ళ పేరు వేయాలి.

అడగాల్సిందే మరి. ఎవరి మాటకైనా ఇంకొకరు పెదాలు కదిపి వీడియో చేసుకుంటే, ఆ గొంతు లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళేది. సొంతదారు దీపాలు పెట్టే వేళ దాకా మూగగా ఉండేవాడు. విజయలక్ష్మి గొంతుకి గిరాకీ ఎక్కువ కాబట్టి చానా మధ్యాహ్నాలు ఆమె వేళ్ళతోనే బేరమాడేది. "గొంతు ఊరెళ్ళిందా అక్కా? సరే, ఎన్ని కిలోలో చూపించు" అనేవాడు కూరగాయలవాడు. సాయంత్రానికి చిన్న దగ్గుతో అది ఇల్లు చేరేది. ఒక్కోసారి కృష్ణానది అవతలి యాస కాస్త అంటించుకుని వచ్చి, రెండు మాటలు అట్లా మాట్లాడి సర్దుకునేది.

అయితే తిట్టుకి ఇల్లు తెలుసు, నవ్వుకి ఇల్లు తెలుసు. ఏడుపుకి తెలియదు. అందుకే ఎవరి ఏడుపూ తీయకూడదనేది గ్రూపులో అన్నిటికంటే పెద్ద కట్టుబాటు.

ఒకనాడు షూటింగు మధ్యలో విజయలక్ష్మి టీ పెడదామని లోపలికెళ్ళింది. వీధి కుక్కపిల్ల ఒకటి ఆమె వెంటే దూరి, మంచం కింద నుంచి పాత తోలుచెప్పు ఒకటి బయటికి ఈడ్చింది. ఆమె భర్త నరసింహారావుది. ఆయన రెండేళ్ళ కిందట నిద్రలోనే పోయాడు, పక్కన పడుకున్న ఆమెక్కూడా తెలియకుండా. ఆనాడు జనంలో ఆమె ఏడవలేదు, వచ్చినవాళ్ళకి కాఫీలు అందాయో లేదో చూసుకుంటూ ఉండిపోయింది. ఇప్పుడు కుక్క నోట్లో నుంచి చెప్పు లాక్కుని, గడప మీద కూలబడి, దాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

"ఒక్క మాట చెప్పి పోకూడదంటయ్యా? పక్కనే ఉన్నానే... ఒక్క మాట చెప్పి పోకూడదా?"

వరండాలో స్టాండు మీద ఫోను ఇంకా తిరుగుతూనే ఉంది. ఆపాలని హర్షకి తెలుసు. చెయ్యి లేవలేదు.

ఆమె కాసేపటికి మొహం కడుక్కుని వచ్చింది. "ఎక్కడ ఆపాంరా? ఆవకాయ దగ్గరేనా?" అని మళ్ళీ తిట్లు అందుకుంది. ఆ రోజు వీడియో బ్రహ్మాండంగా వచ్చింది. హర్షకి మాత్రం ఫోనులో ఉన్న రెండోదే బుర్రలో తిరుగుతూ ఉండింది. తీసేద్దామని తెరిచేవాడు, విని మూసేసేవాడు. ఆ వారం వాడు పెట్టిన ఏ వీడియోనూ ఎవరూ పట్టించుకోలేదు. వాడి తర్వాత మొదలుపెట్టిన పిల్లలు వాణ్ణి దాటిపోయారు. చివరికి ఒక మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు, వానలో తడుస్తున్న మిరప కల్లం బొమ్మ ఒకటి వెతికి, దానికి ఆ ఏడుపు తగిలించి, వేరే పేరుతో వదిలాడు. ఆమె పేరు వేయలేదు. వేస్తే దొరికిపోతాడు.

అది చీకటి పడేలోపే జిల్లా దాటింది. జనం దాన్ని ఓడిపోయిన క్రికెట్టు జట్టుకి పెట్టుకున్నారు, ఖాళీ అయిన గ్యాసుబండకి పెట్టుకున్నారు, ఊరెళ్ళిన పెళ్ళానికి పెట్టుకున్నారు. మీసాలున్న మగాళ్ళు కొంగు కప్పుకుని ఆమె గొంతుతో గుండెలు బాదుకున్నారు. చూసేవాళ్ళు పెరుగుతుంటే హర్షకి ఒళ్ళు తేలిపోయింది. పెరుగుతూనే ఉంటే ఫోను బోర్లా పెట్టేశాడు. పక్క వాటాలో దీపం వెలిగింది. వాడు గోడకి చెవి పెట్టి నిలబడ్డాడు. దగ్గు వినపడలేదు.

మర్నాడు ఇడ్లీ బండి దగ్గర జనం మాట్లాడకుండా తిని మాట్లాడకుండా వెళ్ళారు. "ఉప్పు తగ్గినట్టుందేందిరా?" అని ఒకాయన పక్కాయన్ని అడిగాడు. బల్ల మీద కూర్చున్న కుర్రాడి ఫోన్లో గ్యాసుబండ వీడియో మోగింది. విజయలక్ష్మి గరిటె పట్టుకుని అట్లాగే నిలబడి మొత్తం విన్నది. తర్వాత హర్ష వంక చూసింది. వాడి ప్లేటులో రోజూలాగే ఇడ్లీలు పెట్టి, చట్నీ కూడా పోసింది. రెండు తిట్లు తిట్టి ఉంటే వాడు బతికేవాడు.

వాడు నేరుగా బెంజిమిన్ దగ్గరికి వెళ్ళాడు. ఆయన షామియానా గుడ్డలు మడత పెట్టిస్తున్నాడు.

"నేనే అన్నా. తీసేశాను కూడా. తీసేసినా రాలేదు."

"ఎట్టా వచ్చిద్ది? అది చేతులు మారిపోయింది. నువ్వు పోయి తీసుకురావాలి."

"ఎక్కడికని పోను? వాడినోళ్ళు లెక్కలేనంత మంది."

"అందరి దగ్గరా ఉండదురా. ఏడుపు తిరిగి తిరిగి అలిసిపోయిద్ది. ఎక్కడో ఒకచోట కూలబడిద్ది. ఆ చోటు పట్టుకో. ఫోన్లో అడిగితే రాదు, మనిషి పోవాలి. అప్పటిదాకా గ్రూపులోకి రాకు."

హర్ష తిరగడం మొదలుపెట్టాడు. నాదెండ్లలో పొగాకు బేళ్ళ మీద కూర్చుని ఆ గొంతుకి పెదాలు కదిపిన కుర్రాళ్ళని పట్టుకుని బతిమాలి తీసేయించాడు. ఆ సాయంత్రం విజయలక్ష్మికి ఒక ఆవలింత శబ్దంతో సహా వచ్చింది. సత్తెనపల్లిలో బ్యూటీపార్లరు నడిపే ఒకామె "నాకు ఫాలోయర్లు పెరిగింది దీనితోనే బాబూ" అని గొణుక్కుంటూనే తీసేసింది. విజయలక్ష్మికి తుమ్ము తిరిగొచ్చింది. ఇంకో ఊర్లో ఒకడు తలుపే తీయలేదు. తిరిగినకొద్దీ దగ్గులూ ఎక్కిళ్ళూ వస్తున్నాయి గానీ మాట రాలేదు. బస్సులో పక్కవాడి ఫోన్లో ఆ ఏడుపు మోగినప్పుడల్లా హర్ష లేచి నిలబడేవాడు. సీటు ఉన్నా నిలబడే ప్రయాణం చేసేవాడు. మేనమామ రెండుసార్లు ఫోన్ చేసి, మూడోసారి కొట్లోకి వేరే కుర్రాణ్ణి పెట్టుకున్నానని చెప్పాడు.

అప్పుడు మాచర్ల నుంచి సాదిక్ ఫోన్ చేశాడు. స్టేషన్ రోడ్డులో ఫోన్ల కవర్లు అమ్ముతాడు, గ్రూపులో మనిషే.

"మా వీధి చివర ఇంట్లో రోజూ సందెవేళ ఒకామె ఏడుస్తంది భాయ్. భర్త పోయాడు, పాపం అనుకున్నా. కానీ రోజూ ఒకేచోట గుక్క తిప్పుకుంటంది. ఒకే మాట దగ్గర ఆగిద్ది. అది మీ అత్త గొంతే."

హర్ష కారెంపూడి మీదుగా పోయే బస్సెక్కాడు.

నాపరాళ్ళు పరిచిన చిన్న ఇల్లు అది. తలుపు తీసిన మనిషి పేరు శాంతి. ముప్ఫై దాటి ఉంటాయి. బడి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, వేళ్ళకి సుద్ద అంటుకుని ఉంది. హర్ష వచ్చిన పని చెబుతుంటే ఆమె మధ్యలో ఆపలేదు. లోపల గోడ అవతల మంచం కిర్రుమన్న చప్పుడు వినపడితే మాత్రం గొంతు తగ్గించమని సైగ చేసి, వాణ్ణి పెరట్లోకి తీసుకెళ్ళింది.

"ఎవరో ఒకరిది అయ్యుంటుందని తెలుసు తమ్ముడూ. అడుగుతూ వస్తారని కూడా అనుకున్నా."

ఆమె భర్త సుధీర్ బాబు లారీ డ్రైవరు. రాళ్ళ లోడుతో వెళ్ళి, బండి బోల్తాపడి, తిరిగి రాలేదు.

"సమాధుల తోటలో అందరూ నన్నే చూస్తన్నారు. నేనెప్పుడు ఏడుస్తానా అని. రాలేదు. ఇక్కడేదో అడ్డం పడ్డట్టు..." అని గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. "ఇంటికొచ్చాక మా అత్తయ్య కృపామణి ఒకటే మాట అన్నది. నా కొడుకు కోసం ఏడవని మనిషి నా ఇంట్లో ఎందుకు అని. తర్వాత స్కూల్లో ఎవరి ఫోన్లోనో ఇది విన్నా. ఇంటికొచ్చి తలుపేసుకుని పెట్టా. ఆవిడ మంచం గోడకి అవతలే. మర్నాడు నాకు అన్నం ఆవిడే వడ్డించింది. అప్పట్నించి రోజూ పెడతన్నా."

"అక్కా, మా అత్తకి మాట లేకుండా పోయింది."

"తీసుకుపో. దొంగసొత్తు నాకెందుకు? కాకపోతే..." శాంతి దండెం మీద ఆరిన చీర తీసి, మడత పెట్టి, మళ్ళీ విప్పింది. "పుట్టింటికి పోవచ్చు. గురజాల ఎంత దూరం? కానీ ఆయన నడిచిన ఇల్లు ఇదే కదా. ఇక్కడుంటే చెప్పు చప్పుడు వినపడ్డట్టు ఉంటది."

చెప్పు అన్న మాట వినగానే హర్ష ఇక అక్కడ నిలబడలేకపోయాడు. వీధిలోకి వచ్చేశాడు. స్టేషన్ దాకా నడిచాడు, వెనక్కి నడిచాడు, మళ్ళీ నడిచాడు. నరసరావుపేట బస్సు వచ్చింది, హారను కొట్టింది, వెళ్ళిపోయింది. సాదిక్ కొట్టు ముందు మెట్టు మీద కూర్చుని విజయలక్ష్మికి ఫోన్ చేశాడు. అవతల ఊపిరి మాత్రమే వినపడింది. ఆ ఊపిరితోనే వాడు అంతా చెప్పాడు. మంచం కింది చెప్పు, ఆపని ఫోను, వేయని పేరు, శాంతి, గోడ అవతలి మంచం. "ఇప్పుడు నేనేం చెయ్యాలత్తా?" అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం బస్సులో నుంచి చేతిసంచితో విజయలక్ష్మి దిగింది. ఎదురొచ్చిన హర్షకి నెత్తి మీద ఒక మొట్టికాయ వేసింది. సంచి వాడి చేతికిచ్చి, దారి చూపించమని గడ్డం ఎగరేసింది.

శాంతి ఆమెకి కుర్చీ వేసింది. విజయలక్ష్మి కుర్చీ వద్దని నాపరాళ్ళ మీదే కూర్చుంది. శాంతి కూడా కూర్చుంది. ఫోను తీసి ఇవ్వబోతే, ఆమె తల అడ్డంగా ఊపి, పెట్టమని సైగ చేసింది. బయట సందె వాలుతోంది. గోడ అవతల మంచం చప్పుడైంది, కృపామణి వచ్చి కూర్చుంది. శాంతి నొక్కింది.

"ఒక్క మాట చెప్పి పోకూడదంటయ్యా? పక్కనే ఉన్నానే..."

ఎదురుగా కూర్చుని తన ఏడుపు తాను వినడం విజయలక్ష్మికి అదే మొదలు. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నది. గుక్క తిప్పుకునే చోట ఆమె ఛాతీ కూడా లేచింది. అయిపోయాక ఫోను చల్లబడ్డట్టు నల్లగా అయిపోయింది. ఆమె గొంతులో గురగురమని చప్పుడైంది, కుండలోకి నీళ్ళు దిగినట్టు.

"ఒరేయ్ హర్షా, మంచినీళ్ళు పట్రా. సచ్చినోడా, నిన్న కాదు, మొన్న తేవాల్సింది."

గోడ అవతల కృపామణి లేచింది. "శాంతీ? ఎవరే అది? నీ ఏడుపు గొంతుతో ఎవరో మాట్లాడతన్నారేంది?"

ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి హర్ష నీళ్ళకి వెళ్ళాడు, ఇద్దరూ అట్లాగే కూర్చుని ఉన్నారు. తెల్లచీర, చేతిలో ఊతకర్ర. నేల మీది ఫోను చూసింది, కొత్తమనిషిని చూసింది, కోడల్ని చూసింది. శాంతి దాచలేదు.

"నేను కాదత్తయ్యా. ఫోను."

"ఇన్నాళ్ళూ?"

"ఇన్నాళ్ళూ."

కృపామణి కర్ర నేలకి తాటించింది. "అవతల కూర్చుని నేను దాంతో కలిసి ఏడ్చానే! నీ బాధా నా బాధా ఒకటేలే అనుకున్నానే! రేపు పొద్దున్నే నీ పెట్టె సర్దుకో."

శాంతి లేచింది. పెట్టె కోసమే లేచినట్టుంది. విజయలక్ష్మి ఆమె చెయ్యి పట్టి కిందికి లాగింది.

"కూచో అమ్మాయ్. నేనింకా పూర్తిగా తీసుకోలేదు." అని శాంతి మెడ దగ్గర అరచెయ్యి ఆనించింది, జ్వరం చూసినట్టు. "నాకు తిట్లుంటే చాలు. ఇడ్లీ బండికి అవే కావాలి. ఏడుపు నువ్వు ఉంచుకో. ఇది నేనిస్తన్నా, ఎవరూ తీయలా."

చెయ్యి తీసేసింది. మొదట ఏమీ కాలేదు. హర్ష నీళ్ళ గ్లాసు పట్టుకుని గడప దగ్గరే ఆగిపోయాడు. శాంతి నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. అప్పుడు వచ్చింది. గొంతు విజయలక్ష్మిదే, మాటలు వేరు.

"ఉప్మా చేసి పిలిచానే... లోడు టైమైంది, వచ్చి తింటా అన్నావే... గిన్నె మీద మూత పెట్టి ఉంచానే నీకు..."

కృపామణి చేతిలో కర్ర కదలడం ఆగింది.

"వాడు ఆ పొద్దున తినకుండా పోయాడా?"

"తినలేదత్తయ్యా." శాంతి నాపరాయి మీదికి వంగిపోయింది. "తినలేదు. రెండు రోజుల దాకా ఆ గిన్నె కడగలేకపోయా."

తల్లికి అప్పటిదాకా ఆ సంగతి తెలియదు. ఆమె కర్ర గోడకి ఆనించి, మెల్లగా, మోకాళ్ళు పట్టుకుని, కోడలి పక్కన నేల మీదికి దిగింది. ఆ తర్వాత ఎవరి గొంతు ఎవరిదో తెలియలేదు. విజయలక్ష్మి హర్ష చేతిలో గ్లాసు లాక్కుని నీళ్ళు తాగి, వాణ్ణి బయటికి తోసి, తలుపు దగ్గరికి వేసింది.

తిరుగు బస్సులో కారెంపూడి దాకా ఆమె వాణ్ణి తిట్టింది. ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగి కూర్చున్నారు. కండక్టరు టికెట్లు కొట్టడం మానేసి విన్నాడు. హర్ష చానా రోజుల తర్వాత సీట్లో కూర్చుని నిద్రపోయాడు.

బెంజిమిన్ వాణ్ణి గ్రూపులోకి వెంటనే రానివ్వలేదు. శాంతికి మేలు జరిగింది కదా, కట్టుబాటు కాస్త సడలిద్దాం అని ఎవరో అంటే, "మేలు చేసింది ఇచ్చినామె. తీసినోడు కాదు" అన్నాడు. హర్ష కూడా వాదించలేదు. పొద్దున్నే ఇడ్లీ బండి దగ్గర ప్లేట్లు కడగడం మొదలుపెట్టాడు.

మిరపకాయలు కల్లాలకి వచ్చే రోజుల్లో నాదెండ్లలో విజయలక్ష్మి అక్క రామలక్ష్మి పోయింది. తల్లి లేని తనని పెంచిన అక్క. విజయలక్ష్మి శవం పక్కన కూర్చుని అక్క పాదాలు పట్టుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. నోట్లో నుంచి శబ్దం లేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు, ఉంటే కదా. పెదాలు మాత్రం ఒడ్డున పడ్డ చేపలా తెరుచుకుని మూసుకుంటున్నాయి. పందిట్లో ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. "ఫోన్లలో కనపడే మనిషి కదమ్మా. కెమెరా లేందే ఏడుపేం వచ్చిద్ది?" హర్ష విన్నాడు. బయటికొచ్చి సాదిక్‌కి ఒక్క ఫోన్ చేశాడు.

ఎండ వాలే వేళకి ఒక ఆటో వచ్చి ఆగింది. శాంతి దిగి, వెనక నుంచి తెల్లచీర ముసలామెని చెయ్యి పట్టి దింపింది. శాంతి ఎవరితోనూ మాట్లాడకుండా జనాన్ని తప్పించుకుంటూ లోపలికెళ్ళి, విజయలక్ష్మి భుజం చుట్టూ చెయ్యి వేసి కూర్చుంది. ఆమె చెవి దగ్గర ఏదో అడిగింది. విజయలక్ష్మి అక్క సంగతి రెండు మాటల్లో చెప్పింది.

"అక్కా..." అని శాంతి ఎత్తుకుంది. "నీ చేత్తో జడలేశావే అక్కా..."

పందిరంతా ఆ గొంతుకి ఉలిక్కిపడి చూసింది. విజయలక్ష్మి తల ఆమె ఒళ్ళో వాలిపోయింది, వీపు ఎగిరెగిరి పడుతోంది. చెవులు కొరుక్కున్న ఆడవాళ్ళే కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

వాళ్ళలో ఒకామె పక్కకి జరిగి ముసలామెకి చాప మీద చోటిచ్చింది. "అంతగా ఏడుస్తంది, ఎవరమ్మా ఆ పిల్ల? మా రామలక్ష్మికి ఏమైద్ది?"

కృపామణి కాళ్ళు చాపుకుని, ఊతకర్ర పక్కన పెట్టుకుని, గుమ్మంలో నుంచి లోపలికి చూసింది.

"మా కోడలు" అంది.